మల్లేశం పేరు మీద

మా దవాఖానకు గురువారం నాడు రోగులకంటే చిట్టీలే ఎక్కువ వచ్చేవి. చిట్టీ ఒకరిది, పట్టుకొచ్చేవాళ్లు ఇంకొకరు. మొగుడి చిట్టీ తీసుకుని పెళ్లాం వచ్చేది. తల్లి చిట్టీ జేబులో పెట్టుకుని కొడుకు వచ్చేవాడు. ఒకసారి ఒక ముసలమ్మ ముగ్గురి చిట్టీలు కొంగున ముడేసుకుని వచ్చి, ముగ్గురి బాధలూ వరసగా చెప్పి, ముగ్గురి తరఫునా తనే ఏడ్చిపోయింది. ఇదేం పద్ధతని మొదట్లో నేను గొంతు చించుకుని అరిచాను. ఎవరూ లెక్కచేయలేదు.

వాళ్ల ఇబ్బంది వాళ్లది. మా తాలూకాలో సగం మంది నేతవాళ్లు. గంజి పెట్టిన పడుగు మగ్గం ఎక్కిందంటే మనిషి లేవడానికి వీల్లేదు, రెండు రోజులు ఆగితే దారాలు పెళుసై తెగుతాయి. మిగతా సగం గొర్లకాపరులు. మందను గుట్టమీద వదిలి వస్తే తోడేలు ఊరుకుంటుందా? అందుకని ఇంట్లో ఎవరికి చేతులు ఖాళీగా ఉంటే వాళ్లే దవాఖానకు బయల్దేరేవాళ్లు. వచ్చినవాళ్లు "ఆయనకు గిట్లున్నది" అని రోగి బాధ చెప్పి, గోళీలు తీసుకుని పోయేవాళ్లు. నేను పేరు పక్కన "మా" అని చిన్న అక్షరం రాసేవాణ్ని. మారు మనిషి అని అర్థం. చివరికి ఆ అక్షరం అచ్చు కొట్టించుకుంటే పోయేదనిపించేది.

నా పేరు బాలస్వామి. దవాఖానలో పుస్తకాలు రాసే గుమాస్తాను. నిజాం కాలంలో ఉర్దూలో రాశాను, తర్వాత తెలుగులో రాశాను, రెండింటిలోనూ నా దస్తూరికి వంక పెట్టినవాడు లేడు. నా పుస్తకంలో కొట్టివేత కనిపించదు. ఈ సంగతి ఇప్పుడు గొప్పగా చెప్పడం లేదు. ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

అరవై మూడో సంవత్సరం వానాకాలంలో మనసు జబ్బుల డాక్టరు మంజులత గారు హైదరాబాదు నుంచి రావడం మొదలుపెట్టారు. పదిహేను రోజులకొక గురువారం, పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవారు. వెనక వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక తడిక. జనం దానికి పిచ్చోళ్ల వరండా అని పేరు పెట్టారు. ఆ మాట వింటే ఆవిడకు ఎక్కడలేని కోపం.

"బాలస్వామి గారూ, ఇక్కడికొచ్చేవాళ్లలో నూటికి తొంభై మందికి పిచ్చి లేదు. మామూలు మనుషులకు వచ్చే మామూలు జబ్బులే ఇవి. మీరైనా ఆ మాట అనకండి" అన్నారు మొదటి రోజే.

ఆవిడ ఇచ్చిన పుస్తకంలో ప్రతి పేరు ఎదురుగా తొమ్మిది గళ్లు ఉండేవి. మొదటిది గాబరాకు: గుండె దడ, చెమట, ఊరికే భయం. రెండోది దిగులుకు. తర్వాత హిస్టీరియా, జబ్బేమీ దొరక్కుండానే ఒళ్లంతా నొప్పులు, ఐదులో కడిగిన చేతులే కడగడం, మూసిన తలుపే మూయడం. ఆరోది పెద్ద దిగులు. ఏడులో అసలు పిచ్చి, ఎనిమిదిలో మూర్ఛ. దేనికీ అందనివాళ్లు తొమ్మిదిలో. ఏ మనిషినైనా ఒక గడిలో నిలబెట్టొచ్చు అంటే నాకు భలే నచ్చింది. ఇంటికెళ్లి మా ఆవిడను మొదటి గడిలో, మా బావమరిదిని తొమ్మిదో గడిలో వేసి నవ్వుకున్నాను.

"రెండూ దిగులే అయితే, రెండు గళ్లెందుకండీ?" అని అడిగాను ఒకరోజు.

ఆవిడ కలం పక్కన పెట్టారు. "రెండోదానికి కారణం ఉంటుంది. కష్టం తీరితే తగ్గుతుంది, నాలుగు మాటలు మాట్లాడినా తగ్గుతుంది. ఆరోది అలా కాదు. కోడి కూయకముందే మెలకువ వస్తుంది. పొద్దున్న ఎక్కువగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలిక. ఏ తప్పూ చేయని మనిషి పాపం చేశానంటాడు. తను లేకపోతే ఇంట్లోవాళ్లు సుఖపడతారంటాడు. ఈ గడిలో పడ్డవాళ్లను మనం ఒక్క రోజు కూడా మరిచిపోకూడదు."

మల్లేశం ఆ వానాకాలంలోనే వచ్చాడు. పడమటిగూడెం మనిషి, మా ఊరికి బస్సులో గంట దూరం. ముప్పై ఏళ్ల నేతగాడు. నూలు సరిగ్గా అందడం లేదని, మగ్గం ఆగిపోతుందేమోనని భయం పట్టుకుంది. మగ్గం గుంటలో కూర్చుంటే గుండె దడదడ కొట్టుకుంటుందట. డాక్టరమ్మ పది నిమిషాల్లో తేల్చేశారు. మొదటి గడి. గోళీలు రాసి, ధైర్యం చెప్పి పంపించారు. రెండుసార్లు తనే వచ్చాడు. మూడోసారి నుంచి అతని చిట్టీ పట్టుకుని అతని భార్య ఆండాళు రావడం మొదలుపెట్టింది. పేరు పక్కన "మా" పడింది.

ఆండాళుకు పాతికేళ్లు ఉండవు. సన్నగా, తలొంచుకుని, అడిగినదానికే జవాబు చెప్పే పిల్ల. ఇంట్లో మూడేళ్ల కూతురు ఉంది. కండెలు చుట్టడం, గంజి కాయడం, నీళ్లు, వంట అన్నీ తనే. వరసలో కూర్చున్నప్పుడు మిగతా ఆడవాళ్లు ఊసులాడుకుంటుంటే ఈమె చిట్టీని మడతపెడుతూ, విప్పుతూ ఉండేది.

"మల్లేశానికి నిద్ర పడుతోందామ్మా?" అని డాక్టరమ్మ అడిగారు, దసరా దాటిన తర్వాత.

"పడ్తదమ్మా. కని కోడి కూయకముందే మెలకువొస్తది. ఇగ గప్పటికెల్లి నిద్ర రాదు. పొద్దెక్కేదాక గుండె మీద బండ వెట్టినట్టుంటది."

"పని చేసుకుంటున్నాడా?"

"చేస్తడు. చేతులు చేస్తయి. మనసు ఉండది."

డాక్టరమ్మ తలెత్తి చూశారు. రెండో గడిలో గుర్తు పెట్టించారు. తర్వాతిసారి ఇంకో మాట వచ్చింది. అన్నం మట్టిలా ఉంటుందట. ఆ తర్వాతిసారి, బిడ్డ దగ్గరకొస్తే ఎత్తుకోబుద్ధి కావడం లేదట, ఎత్తుకోనందుకు తనను తాను తిట్టుకుంటాడట. నేను రాసుకుంటూ పోయాను. మొగుడి మనసును ఇంత వివరంగా ఎరిగిన భార్యను నేను చూడలేదు. ఎంత ప్రేమ ఉంటే ఇలా చెప్పగలదు అనుకున్నాను. నా తెలివి అంతటిది.

"ఒకసారి అతన్నే తీసుకురామ్మా" అన్నారు డాక్టరమ్మ.

"పడుగు మీదున్నడమ్మా. అయినంక తీస్కొస్త."

పుష్యమాసంలో ఒక ఆదివారం పని ఉండి దేవరకొండ పోయాను. నేత సొసైటీ దుకాణం ముందర నలుగురు మగవాళ్లు నవ్వుతూ మిరపకాయ బజ్జీలు తింటున్నారు. అందులో ఒకడు నన్ను చూసి, చేతులు పంచెకు తుడుచుకుని, దండం పెట్టాడు. మల్లేశం. ముఖం నిండుగా ఉంది. బజ్జీలు తినమని బలవంతం చేశాడు.

"ఎట్లున్నది మల్లేశం? నిద్ర పడుతుందా?"

"నాకేంది సార్, మంచిగున్న. నూలు ఒస్తాంది, మగ్గం నడుస్తాంది. పంటే పొద్దుగాల్నే లేస్త."

"గోళీలు?"

"గవి దసరకే బంద్ జేసిన. ఆండాలే ఇంటలేదు. ఆరు నెల్లు మింగాలని డాక్టరమ్మ చెప్పిందట. తెస్తది, పెట్టెల వెట్టుకుంటది. ఆమె సంబురం ఎందుకు కాదనాలె అని ఊకున్న."

బజ్జీ నా చేతిలోనే చల్లారిపోయింది. కోడి కూయకముందు మెలకువ, మట్టిలాంటి అన్నం, ఎత్తుకోబుద్ధి కాని బిడ్డ. ఎవరివో అప్పుడు తెలిసింది. మూడు నెలలుగా ఆమె తన జబ్బే చెబుతోంది, నేను ఆయన పేరు మీద రాస్తున్నాను.

తర్వాతి గురువారం ఆండాళు అందరికంటే ముందు వచ్చింది. డాక్టరమ్మ బస్సు ఇంకా రాలేదు. మందుల గది పక్కకు పిలిచాను. నాకు కోపంగానే ఉంది.

"మల్లేశాన్ని చూసిన. గుండ్రాయి లెక్కున్నడు. గీ చిట్టీల రాసేదంత ఎవరి ముచ్చట?"

ఆమె గోడకు ఆనుకుని కిందికి కూర్చుండిపోయింది.

"సారూ, పేరు మార్చకుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"ఎందుకు మార్చొద్దు? నీ జబ్బు నీ పేరున రాస్తే తప్పేంది?"

"మా అక్క రాజం ఎరుకేనా మీకు? ఎరుక లేదు. గామెకు బాలింతల గిట్లనే అయింది. ఆడిదానికి పిచ్చి అని పేరొచ్చింది. అత్తగారోళ్లు మా అవ్వగారింట్ల దింపి పోయిండ్రు. బిడ్డను ఇయ్యలే. తొమ్మిదేండ్లాయె. గా బిడ్డ తొవ్వల ఎదురొస్తే మా అక్కను గుర్తువట్టది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "మొగాయనకు ఫికర్ అంటే అందరు అయ్యో అంటరు. మా అత్త పాలు కాచి ఇచ్చింది ఆయనకు. నేను గదే మాట అంటే, నన్నూ దింపొస్తరు. నా బిడ్డ నన్ను గుర్తువట్టకుంటయితది."

"డాక్టరమ్మ ఆడమనిషే గదా. ఆమెతోనన్న చెప్పు."

"గా వరసల మా ఊరోళ్లు ఇద్దరున్నరు. తడికె అవతల చీమ నడిచినా ఇనవడ్తది. మీరు మాటియ్యుండ్రి సారూ."

నేను మాట ఇచ్చాను. జాలి కలిగింది, అది నిజం. కానీ అదొక్కటే అయితే, డాక్టరమ్మ భోజనానికి లేచినప్పుడు చెవిలో ఒక మాట వేసి ఉండేవాణ్ని. అలా చెప్పాలంటే మూడు నెలల రాతలు తప్పని ఒప్పుకోవాలి. మనిషిని చూడకుండా "మా" అని రాసి చేతులు దులుపుకున్నానని ఒప్పుకోవాలి. ఐదారు పేజీల్లో ఎర్ర సిరా గీతలు పడాలి. అది నాకు మింగుడు పడలేదు. గోళీలు ఎవరి పేరు మీద వస్తేనేం, మింగాల్సిన మనిషి మింగుతోంది కదా అనుకున్నాను. పిరికితనానికి దయ అని పేరు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజు డాక్టరమ్మ ఎప్పటిలాగే అడిగారు. ఆండాళు ఎప్పటిలాగే "ఆయన" అంటూ చెప్పింది. ఈసారి ఇంకో మాట వచ్చింది.

"బాయి కాడికి పోతే నీళ్లల్లకు చూడబుద్ధయితదట. సల్లగ కనవడ్తదట. తను లేకుంటే ఇంటోళ్లకు పీడ వోతదని అనిపిస్తదట."

డాక్టరమ్మ చేతిలోని కలం ఆగింది. "ఇది ఎన్నాళ్ల నుంచి?"

"నెల రోజులకెల్లి."

"నువ్వెలా ఉన్నావమ్మా? బాగా నలిగిపోయావు."

"నేను మంచిగనే ఉన్నమ్మా."

అప్పుడు ఆవిడ నా వైపు చూసి, "ఆరు" అన్నారు. నేను ఆరో గడిలో గుర్తు పెట్టాను. మల్లేశం పేరు ఎదురుగా. గుర్తు చక్కగానే పడింది.

కొత్త గోళీలు ఇచ్చారు. ఆ ఏడాదే హైదరాబాదుకు వచ్చిన రకం. అతన్ని వెంటనే తనతో హైదరాబాదు తీసుకెళ్తానన్నారు డాక్టరమ్మ. వారంలో పడుగు అయిపోతుందని, ఆవిడ మళ్లీ వచ్చే గురువారం తప్పకుండా తెస్తానని ఆండాళు బతిమిలాడింది. తీసుకురాకపోతే తనే జీపు ఎక్కి ఊరికి వస్తానని గట్టిగా చెప్పి ఆవిడ ఒప్పుకున్నారు. ఆండాళు బయటికి వెళ్లాక నాతో ఇలా అన్నారు.

"ఈ మందుతో ఒక ఇబ్బంది ఉంది. మొదటి పది పన్నెండు రోజుల్లో కాళ్లకు, చేతులకు బలం వస్తుంది. మనసు తేలిక పడటానికి ఇంకో వారం, రెండు వారాలు పడుతుంది. మధ్యలో ఆ రోజులు చెడ్డవి. అప్పటిదాకా ఓపిక లేక ఆగిన మనిషికి ఓపిక వస్తుంది. ఒక్కోసారి ఉన్నట్టుండి బాగైపోయినట్టు కనిపిస్తారు, నవ్వుతారు, ఇల్లు సర్దుతారు. దాన్ని చూసి మోసపోకూడదు. ఇంటి పెద్దలకు ఇప్పుడే ఉత్తరం రాయండి. మనిషిని ఒంటరిగా వదలొద్దని రాయండి."

అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. బయట ఇంకా నలభై మంది ఉన్నారు. తడిక అవతల ఎవరో దగ్గుతున్నారు. ఇంట్లో అందరూ కళ్లు తెరుచుకుని ఉంటే ఎవరి పేరైతేనేం, ఆమె కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది కదా అనిపించింది. కాగితం, కలం అందుకున్నాను.

పడమటిగూడెం నేతవాళ్ల పెద్ద గండయ్య. మల్లేశానికి పెద్దనాయన. ఆయన పేరున రాశాను. మల్లేశాన్ని ఒక్క క్షణం ఒంటరిగా ఉంచవద్దు. బావి వైపు పోనివ్వవద్దు. తాళ్లు, కత్తులు అందకుండా పెట్టండి. మగ్గం మీద కూర్చోబెట్టవద్దు. తనకేమీ లేదని అంటాడు, నమ్మవద్దు. ఇంతవరకు డాక్టరమ్మ చెప్పినదే. ఉత్తరం ఇంకొంచెం గట్టిగా ఉంటే బాగుంటుందని నాకు తోచింది. "బావి వైపు పరుగెత్తబోతే పట్టుకోండి, ఎవరు చెప్పినా విడవకండి" అని నేనే చేర్చాను. చదివి చూసుకుంటే బాగా కుదిరింది.

గుమ్మం దగ్గర ఆండాళు నిలబడి ఉంది. అంతా రాసేదాకా చూస్తూనే ఉంది.

"గా బాయి ముచ్చట రాసిండ్రా సారూ?"

"రాసిన."

"ఆయన పేరు మీదనేనా?"

"ఆయన పేరు మీదనే."

"మాట నిలవెట్టుకున్నరు" అంది. గోళీల పొట్లం కొంగున కట్టుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.

పన్నెండో రోజు, మంగళవారం. డాక్టరమ్మ వచ్చే రోజు కాదు. మూర్ఛ మందు కోసం గుర్వయ్య వచ్చాడు. పడమటిగూడెం గొర్లకాపరి. తన చిట్టీతో తనే వచ్చే బహు కొద్దిమందిలో ఒకడు.

"మీ ఉత్తరం ఒచ్చింది సార్. పంతులు అందరి ముంగట చదివిండు. గండయ్య బాపు గట్టి కావలి వెట్టిండు. మల్లేశం మగ్గం బంద్. నలుగురు మొగోళ్లు వంతులేసుకుని కూసుంటున్నరు. వాళ్లమ్మ సుభద్రమ్మయితే కొడుకు పక్కకెల్లి లేస్తలేదు, ఆయన తువాల కొస చేతికి చుట్టుకుని కూసుంటది. ఆయన నాకేం లేదంటే, అగో, ఉత్తరంల గట్లనే రాసిండ్రు అంటున్నరు."

"ఇంటి పని ఎవరు చేస్తున్నరు?"

"ఇంకెవరు, ఆ పిల్ల ఆండాలే. ఇదివరకు అత్తకోడండ్లు కలిసి నీళ్లకు వోయేటోళ్లు, ఇప్పుడు ఒక్కతే పోతాంది. పాపం, బక్కవడి లేవలేకుండ ఉండె. మొన్నటికెల్లి మంచిగయింది. నవ్వుతాంది. నిన్న ఇల్లంత అలికింది, తలార వోసుకున్నది. బిడ్డను వాళ్లక్క రాజం కాడ ఇడిసిపెట్టి ఒచ్చింది, అక్కకు పిల్ల తోడుంటదని. కాళ్ల కడియాలు గూడ పిల్ల మూటల కట్టి పంపిందట."

నేను లేచి నిలబడ్డాను. గుర్వయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అతని మందు అతని చేతిలో పెట్టానో లేదో గుర్తులేదు. చెప్పులు వేసుకోకుండా బస్టాండుకు పరుగెత్తాను. పడమటిగూడెం బాట మీదుగా పోయే పదకొండు గంటల దేవరకొండ బస్సు కదులుతోంది. వెనక నిచ్చెన పట్టుకుని ఎక్కాను.

ఆ గంట ప్రయాణం గురించి రాయలేను. బస్సు ఆగిన ప్రతిచోటా డ్రైవరును తిట్టాను. అందరూ నన్ను మా వరండాకు పోవాల్సిన మనిషిని చూసినట్టు చూశారు. బస్సు దిగి మైలున్నర నడవాలి. కంది చేల మధ్య బండ్లబాట. నేను ఆ ఊరు ఎప్పుడూ చూడలేదు. చిట్టీల మీద వందసార్లు రాశాను, అంతే.

నేతవాళ్ల వాడ దొరకడం కష్టం కాలేదు. మగ్గాల చప్పుడు వినిపించింది. ఒక్క ఇంటి ముందు మాత్రం చప్పుడు లేదు. పందిరి కింద మంచం మీద మల్లేశం కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. పది రోజుల కావలి అతన్ని నిజంగానే రోగిని చేసింది. పక్కన ముసలావిడ, చేతికి తువాలు కొస చుట్టుకుని. చుట్టూ నలుగురు మగవాళ్లు. వాళ్లలో తెల్ల మీసాల ఆయన గండయ్య అని తర్వాత తెలిసింది.

"ఆండాళు ఏది?" అన్నాను, ఊపిరి అందక.

సుభద్రమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్లకు వోయింది. ఎవరు నువ్వు?"

"ఎంతసేపాయె?"

"రెండు బిందెలు తెచ్చింది. మూడోదానికి వోయి జర సేపాయె. కోడలు మంచిగ పని చేస్తాంది, నాకు గా ఫికర్ లేదు. ఫికర్ అంత ఈ కొడుకుదే."

మల్లేశం నన్ను గుర్తుపట్టి సగం లేచాడు. "సార్, మీరన్న చెప్పుండ్రి వీళ్లకు. నాకేం లేదని చెప్పుండ్రి."

"నీకేం లేదు" అన్నాను. "గా మందులు నీయి కావు మల్లేశం. ఆండాళువి. చిట్టీల రాసిందంత ఆమె బాధ. బాయి ముచ్చట గూడ ఆమెదే."

అతను నా ముఖంలోకి చూశాడు. దసరా నుంచి పెట్టెలో చేరుతున్న గోళీలు, కొత్తగా అలికిన ఇల్లు, అక్క దగ్గర వదిలిన బిడ్డ, అన్నీ ఒక్కసారిగా అతనికి అర్థమయ్యాయి. తల్లి చేతిలోని తువాలు ఒక్క గుంజుతో లాక్కుని, మంచం మీదినుంచి దూకి, వాడ చివరివైపు పరుగెత్తాడు.

"బాయికి ఉరుకుతుండు! పట్టుకోండ్రి!" అని గండయ్య అరిచాడు.

నలుగురూ ఒక్కసారి లేచారు. పది రోజులుగా ఈ ఒక్క పని కోసమే కూర్చున్నవాళ్లు. ఇరవై అడుగులు పోకముందే అతన్ని కింద పడేశారు. పక్క ఇళ్లలో మగ్గాలు ఆగిపోయాయి, ఇంకో పది మంది వచ్చారు. ఒకడు కాళ్ల మీద కూర్చున్నాడు, ఇద్దరు చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు.

"ఇడువుండ్రి! ఆయన కాదు! ఆమె, ఆండాళు!" అని నేను అడ్డం పడ్డాను.

గండయ్య నన్ను ఒక చేత్తో పక్కకు నెట్టాడు. "ఎవరు చెప్పినా ఇడవొద్దని దవాఖానోళ్లు రాసిండ్రు. నువ్వు జరుగు."

"గా ఉత్తరం రాసింది నేనే!"

"నువ్వెవరో మాకేం ఎరుక?"

నిజమే. వాళ్లకు నా దస్తూరి తెలుసు, నా ముఖం తెలియదు.

"గాయనే! గాయనే రాసింది పెద్దనాయనా! నన్ను ఇడువుండ్రి, ఆండాలు చస్తది!" మల్లేశం నోట్లో మట్టి పోయింది, మాట సగం ఏడుపైపోయింది. వాళ్లు ఇంకా గట్టిగా అదిమారు. అతను చెప్పింది నమ్మొద్దని కూడా రాశాను కదా. సుభద్రమ్మ కొడుకు తల ఒళ్లో పెట్టుకుని, "ఏం గాదు బిడ్డా, ఏం గాదు" అని నిమురుతోంది.

నేనొక్కణ్నే పరుగెత్తాను. వాడ చివర బాట రెండుగా చీలింది. కుడివైపు పోయాను. అక్కడ పూడిపోయిన బావి, లోపల తుమ్మ చెట్టు మొలిచి ఉంది. వెనక్కి తిరిగి, చేల గట్ల మీద పడుతూ లేస్తూ ఎడమవైపు పోయాను. ఆ బావి మెట్ల బావి. మెట్లు దిగాను. నడుముల్లోతు దిగి చెయ్యి చాచాను. చీర అందింది. గట్టుకు లాగాను, పొట్ట నొక్కాను, పేరు పెట్టి పిలిచాను. ఒంట్లో ఇంకా కాస్త వెచ్చదనం ఉంది. ఆ వెచ్చదనం చూసి చాలాసేపు ఆశపడ్డాను. కుడివైపుకు పోకుండా ఉంటే, లేకపోతే దారి తెలిసిన మల్లేశం పరుగెత్తి ఉంటే, బతికేది. డాక్టరమ్మ తర్వాత కాదన్నారు, చెప్పలేమన్నారు. నాకు తెలుసు.

ఆమెను మెట్ల మీద పడుకోబెట్టి, ముఖం మీద కొంగు కప్పి, మనుషుల కోసం వాడకు నడిచాను. వాళ్లు ఇంకా అలాగే ఉన్నారు. మల్లేశం పెనుగులాట మానేశాడు. చెంప మట్టికి ఆనించి, నేను వచ్చే దారివైపే చూస్తున్నాడు. నా తడి బట్టలు ముందు అతనే చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

మిగతావాళ్లకు ఇంకా తెలియదు. నేను దవాఖాన మనిషినని మాత్రం ఈలోపు ఎవరో చెప్పినట్టున్నారు. గండయ్య అతని భుజాలు వదలకుండానే తలెత్తాడు. ఆయన నుదుటి నిండా చెమట. పిల్లవాణ్ని కాపాడుకున్న మనిషి ముఖం అది.

"ఇడవలే సారూ" అన్నాడు. "మీరు రాసినట్టే, ఎవరు చెప్పినా ఇడవలే."